కుంఫిణీ వారి వాటా, పంతులుగారి పత్రిక

క్రీ.శ. 1874వ సంవత్సరానికి మన గోదావరి సీమ చరిత్రలో ఒక చిత్రమైన యోగం ఉంది. ఆ యేడు జూన్ 1వ తేదీన లండన్ మహానగరంలో ఈస్టిండియా కంపెనీ చట్టప్రకారం కన్నుమూసింది. అదే యేడు అక్టోబరులో, ధవళేశ్వరం ఆంగ్లో వెర్నాక్యులర్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు "వివేకవర్ధని" అనే మాసపత్రికను ఆరంభించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవయ్యారేళ్ళు.

ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. కంపెనీ పోయిందని పంతులుగారు పత్రిక పెట్టలేదు, పంతులుగారు పత్రిక పెట్టబోతున్నారని కంపెనీ ముందే జడిసి ప్రాణం విడువనూ లేదు. కానీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. వందేళ్ళు మనలను పాలించిన ఒక వ్యాపారసంస్థను చూసి ఈ ఊళ్ళో ఎవరైనా నవ్వారా? నవ్వితే ఏమయింది? అధికారాన్ని పరిహసించడమనే పని మన దేశంలో ఎప్పుడు పనికి వచ్చింది, ఎప్పుడు వట్టి కాలక్షేపమై పోయింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ధవళేశ్వరం కంటే మంచి చోటు నాకు తోచలేదు.

వర్తకం లేని వర్తక సంఘం

మన పెద్దలు ఈస్టిండియా కంపెనీని "కుంఫిణీ" అన్నారు. మాట వికృతే అయినా అందులో ఒక సొగసు ఉంది. ఏలేవాడు రాజూ కాడు, నవాబూ కాడు, కుంఫిణీ. అది మనిషా, మఠమా, దేవతా అన్నది రైతుకు తెలియదు. శిస్తు మాత్రం తప్పదు.

1833 నాటి చార్టర్ చట్టంతో ఆ కుంఫిణీ వర్తకాన్ని పూర్తిగా మూసివేయవలసి వచ్చింది. అంటే మరుసటి యేడు నుంచి కంపెనీకి ఓడ లేదు, గిడ్డంగి లేదు, కొనడం లేదు, అమ్మడం లేదు. కానీ వాటాదారులు ఉన్నారు. వారి మూలధనం 60 లక్షల పౌన్లు. దానిమీద యేటా నూటికి పదిన్నర వంతున లాభం చెల్లించాలని అదే చట్టం శాసించింది. వర్తకమే లేనప్పుడు లాభం ఎక్కడినుంచి వస్తుంది? హిందూదేశపు శిస్తులోంచి వస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఒక కథ చెబుతారు. ఇక్కడ సోమలింగానికి నామకరణమే కాదు, యేటేటా పుట్టినరోజు కానుకలు కూడా అందాయి, అదీ పొరుగింటివారి సొమ్ముతో.

లెక్క వేసి చూడండి. 60 లక్షల పౌన్లమీద పదిన్నర శాతం అంటే ఏటికి 6 లక్షల 30 వేల పౌన్లు. పౌనుకు పది రూపాయల చొప్పున 63 లక్షల రూపాయలు. నెలకు 5 లక్షల 25 వేలు. ఈ నెలసరి అంకెను చదువరులు కాస్త గుర్తుంచుకోవాలి; దీనితో మనకు మళ్ళీ పని ఉంది.

ఈ సంస్థను నడిపించే డైరెక్టర్లు 24 మంది. 1853లో ఆ సంఖ్యను 18కి తగ్గించారు. వీరిలో పలువురికి వాటామీద వచ్చే లాభం కంటే ఇష్టమైన భాగ్యం మరొకటి ఉండేది. ఇండియాలో కొలువులకు కుర్రవాళ్ళను నియమించే హక్కు వారి చేతిలో ఉండేది. తమ్ముడి కొడుకు మద్రాసుకు, బావమరిది బంగాళానికి. పరీక్ష పెట్టి ఉద్యోగాలివ్వాలన్న నియమం 1853లో వచ్చేదాకా ఆ పద్ధతే సాగింది. ఈ డైరెక్టర్ల నెత్తిన రాజుగారి తరఫున ఒక బోర్డు. వీరు రాసిన ఉత్తరం వారు దిద్దుతారు, వారు దిద్దినది వీరి పేరుతోనే ఓడ ఎక్కుతుంది. తప్పు జరిగితే ఎవరిదన్న మాట ఎంత వెతికినా దొరకదు. ఇంత పకడ్బందీగా బాధ్యతను మాయం చేసిన నాయకత్వ విధానాన్ని తరువాతి కాలపు కార్పొరేట్ పెద్దలు ఏ విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నారో తెలియదుగానీ, మూలగ్రంథం మాత్రం కుంఫిణీ వారిదే.

నెల లాభానికి చాలని ఆనకట్ట

ఇక ఇక్కడికి, గోదావరి ఒడ్డుకు వద్దాం. అప్పటి రాజమహేంద్రవరం జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల జనం ఉండేవారు. ఇరవై యేళ్ళు గడిచేసరికి వారు సుమారు 5 లక్షల 61 వేలయ్యారు. నూటికి ఇరవైనలుగురు లేరు. కొందరు 1832-33 నాటి కరువులో పోయారు, కొందరు 1839లో కోరంగిని ముంచిన తుఫానులో పోయారు, మరి కొందరు ఊళ్ళు విడిచి పోయారు. పక్కనే ఏరు పారుతూనే ఉంది. వరద వస్తే పొలాలను ముంచి సముద్రంలో కలుస్తుంది, వరద తీస్తే పొలాలు ఎండుతాయి. ఏటి ఒడ్డున దాహంతో చావడమన్నది ఇక్కడ సామెత కాదు, జనాభా లెక్క.

జనం పోతే సర్కారుకు ఆట్టే పట్టలేదు. శిస్తు పడిపోయేసరికి పట్టింది. ఎందుకు పడిపోయిందో విచారించమని హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు. ఆయన 1844లో నివేదిక ఇస్తూ, నీటిపారుదల పనులు తప్ప ఈ జిల్లాకు గతి లేదన్నారు. ఆ యేడే ఆర్థర్ కాటన్ దొరగారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టవచ్చునని రాశారు. అంతకుముందు ఆయన తంజావూరు సీమలో కొల్లడం నదిమీద ఆనకట్టలు కట్టించినవారు. చోళుల నాటి కల్లణను చూసి, వట్టి ఇసుకలో పునాది ఎలా నిలపవచ్చునో తాను ఈ దేశపు పాత పనివారినుంచే నేర్చుకున్నానని ఒప్పుకున్న మనిషి.

ఆయన ధవళేశ్వరాన్ని ఎంచుకోవడానికి కారణాలు సామాన్యుడికి కూడా అర్థమయ్యేవి. ఇక్కడ ఏరు లంకలతో కలిపి నాలుగు మైళ్ళ వెడల్పున పరుచుకుంటుంది కనుక ప్రవాహపు తాకిడి తక్కువ. లంకల మీదుగా గోడను ముక్కలుగా కట్టుకోవచ్చు. ఊరిని ఆనుకొనే కొండ ఉంది కనుక రాతికి దూరం పోనక్కరలేదు. దిగువన డెల్టా అంతా విసనకర్రలాగా వాలి ఉంది కనుక నీరు తానే పారుతుంది.

ఆనకట్టకు ఆయన వేసిన మొదటి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. ఇందాక గుర్తుంచుకోమన్న అంకెను ఇప్పుడు తీయండి. కుంఫిణీ వాటాదారులకు ఒక్క నెలకు ముట్టే లాభం 5 లక్షల 25 వేలు. ఒక జిల్లాను బతికించే గోడ ఖరీదు, వర్తకం చేయని వర్తకుల నెల లాభానికి యాభైవేలు తక్కువ. ఇంత చిన్న మొత్తానికి ఇంజనీరునుంచి చెన్నపట్నానికీ, అక్కడినుంచి లండనుకూ కాగితాలు నడిచి, 1846 ఆఖరుకుగాని మంజూరు కాలేదు. లాభాల చెల్లింపుకు మాత్రం ఇటువంటి అభ్యంతరం ఏ యేడూ ఎవరికీ తోచలేదు.

పని 1847లో మొదలయింది. కాటన్ అడిగిన ఇంజనీర్లలోనూ, మేస్త్రీలలోనూ, కమ్మరి వడ్రంగులలోనూ చిన్న భాగమే ఆయనకు దక్కింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, చాలినంతమందిని ఇవ్వని సర్కారే పని ఎంతవరకు వచ్చిందని అడిగేది. ధవళేశ్వరం కొండనుంచి రాయి తరలించడానికి పట్టాలు పరచి బళ్ళు నడిపించారు. తరువాతి కాలంలో రైళ్ళను దుమ్మెత్తిపోసిన పెద్దమనిషి తన ఆనకట్టకు మాత్రం పట్టాలమీదనే రాయి తెప్పించుకున్నారన్నది ఒక ముచ్చట. ఆరోగ్యం చెడి 1848లో ఆయన ఆస్ట్రేలియాకు వెళితే, కెప్టెన్ ఆర్ పని నడిపించారు. కూలీలను కూడగట్టి, లెక్కలు చూసి, పని సాగేటట్టు చేసిన వీణెం వీరన్నగారిని ధవళేశ్వరం ఇప్పటికీ తలచుకుంటుంది. ఎండలో రాయి మోసిన వేలమందికి పేర్లు లేవు.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. అన్నీ కలిపి రెండుంబావు మైళ్ళ కట్టుబడి. 1852లో పూర్తయింది. ఖర్చు అంచనాను మించింది. మించిన ప్రతిసారీ సంజాయిషీ ఇవ్వవలసి వచ్చింది. కరువుకు ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు, ఎందుకంటే కరువుకు అంచనా మంజూరు చేసిన అధికారి ఎవరూ లేరు.

దొరగారి పరిహాసం

కుంఫిణీని ఆ కాలంలో పరిహసించినవారు లేకపోలేదు. చిత్రమేమిటంటే, దానిని గట్టిగా పరిహసించినవారిలో ఒకరు దాని ఉప్పు తిన్న కాటన్. 1854లో ఆయన ఇండియాలోని ప్రజోపయోగ నిర్మాణాల గురించి ఒక పుస్తకం ప్రకటించారు. అందులో ఆయన పట్టుకున్న ఆయుధం తిట్టు కాదు, చిట్టా. ఫలానా పనికి ఇంత పెట్టాము, దానిమీద ఇంత వచ్చింది. ఫలానా చోట ఏమీ పెట్టలేదు, దానివల్ల ఇంత పోయింది. ఖర్చుపెట్టకపోవడం కూడా ఒక ఖర్చే అని లెక్క చూపించారు.

1858లో బ్రిటిష్ పార్లమెంటులో జాన్ బ్రైట్ చేసిన ఎత్తిపొడుపు కూడా ఈ కోవకే చెందుతుంది. మాంచెస్టర్ అనే ఒక్క పట్టణం తన జనానికి మంచినీళ్ళు తెచ్చుకోవడానికి పెట్టిన సొమ్ము, 1834 నుంచి 1848 వరకు పధ్నాలుగేళ్ళలో కుంఫిణీ తన యావత్తు సామ్రాజ్యంలో అన్ని రకాల ప్రజోపయోగ నిర్మాణాలకూ పెట్టినదానికంటే ఎక్కువ అని ఆయన సభలో చెప్పారు. ఇందులో అలంకారం ఏమీ లేదు. రెండు అంకెలను ఎదురెదురుగా కూర్చోబెట్టారు, అంతే. ఎదురెదురుగా కూర్చున్న అంకెలు తమంతట తామే వెక్కిరించుకుంటాయి.

ఆ యేడే కుంఫిణీ పాలన రాణిగారి చేతికి పోయింది. వాటాదారుల లాభం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంకా పదహారేళ్ళు చెల్లిస్తూ, చివరకు వంద పౌన్ల వాటాకు రెండువందల పౌన్ల లెక్కన తీర్చి, 1874లో కంపెనీని సాగనంపారు. ఏరు దాటి తెప్ప తగలేయడం మనకు తెలిసిన నీతి. ఇక్కడ తెప్ప తగలబడిన తరువాత కూడా తెప్పవాడికి పదహారేళ్ళు కూలి ముట్టింది.

కుంఫిణీ పోయినా దాని సూత్రం పోలేదు. రైలు కంపెనీలు వచ్చాయి. 1849 నుంచి వాటికి సర్కారు ఇచ్చిన హామీ ఏమిటంటే, లాభం వస్తే మీది, నూటికి అయిదుకంటే తక్కువ వస్తే లోటు ఇండియా శిస్తులోంచి పూడుస్తాము. ఇండియాలో ఆర్థికశాఖ చూసిన విలియం మాసీ అనే పెద్దమనిషి 1872లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిస్తూ, ఈ హామీ ఉన్నంతకాలం తన డబ్బు ఇటుకా సున్నమూ అయినా, హుగ్లీ నదిలో కలిసినా ఆ పెట్టుబడిదారుకు ఒకటేనన్న అర్థంలో మాట్లాడారు. ఆ ఖజానాను చూసినవాడే ఆ మాట అనడం వల్ల దానికి అంత బలం వచ్చింది.

అయితే కాటన్‌గారి పరిహాసం ఎప్పుడూ గురి తప్పలేదనుకుంటే మనం చరిత్రను భజనగా మార్చినట్టే. రైలు కంపెనీలకు ఇచ్చే అయిదు శాతాన్ని ఎగతాళి చేసిన ఆయన పథకాలే, అదే అయిదు శాతం హామీతో ఒక కంపెనీ చేతిలో పడ్డాయి. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పది లక్షల పౌన్ల మూలధనంతో తుంగభద్రమీద సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వింది. మనం నేడు కె.సి. కెనాల్ అనేది అదే. నీటికి కట్టవలసిన రుసుమును చూసి, మెట్టపంటలకు అలవాటుపడిన నల్లరేగడి రైతు వెనుకాడాడు. కాలువ తడపగల ఎకరాలకూ, నిజంగా తడిసిన ఎకరాలకూ పొంతన కుదరలేదు. వాటాదారులకు మాత్రం అయిదు శాతం చక్కగా ముట్టింది. 1882లో సర్కారే దానిని కొనుక్కోవలసి వచ్చింది. ధవళేశ్వరంలో రైతు నీటికోసం కాచుకొని ఉన్నాడు, కర్నూలులో నీరు రైతుకోసం కాచుకొని ఉంది. హామీ పుచ్చుకున్నవాడు మాత్రం రెండు చోట్లా దేనికోసమూ కాచుకోలేదు.

1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. కాలువలు పారే గోదావరి డెల్టా ఆ కరువులో ధాన్యం బయటికి పంపగలిగింది. ఆ అనుభవం తరువాత కూడా 1878లో పార్లమెంటు విచారణ సంఘం ముందు, డెబ్బై అయిదేళ్ళ కాటన్ తన లెక్కలను సమర్థించుకోవలసి వచ్చింది. సర్కారు విధానం తప్పని రుజువైతే, ఆ తప్పును ముందే చెప్పినవాడిని నిలబెట్టి ప్రశ్నించడం పరిపాలనలో ఒక పురాతన సంప్రదాయం.

పంతులుగారి పరిహాసం

ఇంతవరకు చెప్పిన నవ్వులన్నీ ఇంగ్లీషులో, లండనులో నవ్వినవి. ఆనకట్ట నీడలో ఉన్న తెలుగువాడు ఏమన్నాడు? ఊరి రచ్చబండమీద ఏదో అనే ఉంటాడు. అచ్చువేసే చోటు లేదు గనుక మనదాకా రాలేదు. ఆ చోటును ఏర్పరచినవారిలో పంతులుగారు ముఖ్యులు.

ఆయన 1848లో రాజమహేంద్రవరంలో పుట్టారు. అంటే నాలుగుమైళ్ళ దిగువన ఆనకట్ట గోడ లేస్తున్న రోజులలోనే ఉయ్యాల ఊగారు. ధవళేశ్వరం బడిలో పనిచేస్తూ 1874 సెప్టెంబరులో ఆ ఊళ్ళోనే బాలికలకు పాఠశాల తెరిచారు, మరుసటి నెలలో పత్రిక పెట్టారు. మొదట్లో పత్రిక చెన్నపట్నంలో అచ్చయి రావలసి వచ్చేది. రాజమహేంద్రవరానికి రైలు ఇంకా రాని రోజులవి. తరువాత స్నేహితులతో కలిసి సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. బడిపంతులు జీతంతో, పెట్టుబడి పెట్టేవాడు లేకుండా, అయిదు శాతం హామీ ఇచ్చేవాడు లేకుండా, తన రాత తానే రాసి తానే అచ్చొత్తించి తానే పంచుకున్న మనిషి. ఈ మాట చదువుతూ మన మిత్రులు కొందరు ముసిముసిగా నవ్వుకుంటే అది వారి ఇష్టం.

పత్రికలో ఆయన పట్టుకున్నది కుంఫిణీని కాదు, పార్లమెంటునూ కాదు. కచేరీలో చేయి చాచే ఉద్యోగిని, లంచం తిని తీర్పు చెప్పే మునసబును, ఇద్దరు కక్షిదారుల దగ్గరా పుచ్చుకునే వకీలును, భోగంమేళం లేనిదే విందు చేయలేని పెద్దమనిషిని పట్టుకున్నారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో వచ్చిన వివాదం ముదిరి, వారు "హాస్యవర్ధని" పెడితే వీరు 1876లో "హాస్యసంజీవని" పెట్టారు. తెలుగులో హాస్యానికే ఒక పత్రిక ఉండవచ్చునని ఈ పోటీవల్ల తెలిసింది. సంభాషణలుగా రాసిన ప్రహసనాలు పుట్టాయి. వకీళ్ళ వృత్తిధర్మం నిజానికి ఎలా సాగుతున్నదో చూపిన "వ్యవహారధర్మబోధిని"ని 1880 ప్రాంతంలో విద్యార్థులు ప్రదర్శించారు. పాత్ర పేరు వేరైనా ఎవరిని గురించి రాశారో ఊరందరికీ తెలిసేది. ఆ తెలిసినవాడికి ఇంకా బాగా తెలిసేది.

ఈ నవ్వు ఊరకే పోలేదు. లంచాల విషయమై వివేకవర్ధనిలో పడిన రాతలు వట్టి ఎగతాళిగా ఉండక, పట్టుకోదగిన వివరాలతో ఉండడం వల్ల విచారణ జరిగి, ఒక జిల్లా మునసబు పదవి ఊడింది. ఆయనకు తోడ్పడిన వకీలూ చిక్కులో పడ్డాడు. పాఠకులు వందలలో ఉన్న ఒక తెలుగు పత్రిక, సర్కారు కొలువులోని న్యాయాధికారిని దించగలిగింది.

దీనికి ఒక అదృష్టం కూడా తోడయిందని చెప్పాలి. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషా పత్రికల నోరు కట్టే చట్టం తెచ్చారు. మద్రాసు రాజధానికి ఆ చట్టం వర్తించలేదు. ఇంగ్లీషులో రాస్తే విమర్శ, దేశభాషలో రాస్తే రాజద్రోహం అన్న ఆ చట్టపు తెలివిని తెలుగు పత్రికలు నేరుగా అనుభవించవలసిన అవసరం తప్పింది.

అయినా పంతులుగారి నవ్వుకు ఒక పొలిమేర ఉంది. మునసబు వద్ద మొదలై జిల్లా అధికారుల వద్ద అది ఆగిపోతుంది. ఆ పైనున్న ప్రభుత్వాన్ని ఆయన నమ్మారు. తప్పు కింది ఉద్యోగులదనీ, తెలిస్తే పై దొరలు దిద్దుతారనీ ఆయన భావన. 1893లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. దీనిని ఎత్తిచూపి ఆయనను చిన్నబుచ్చడం సులభం. కానీ పై దొరలను తిట్టి కింది మునసబుతో రాజీపడిన పత్రికలు తరువాతి కాలంలో ఎన్నో వచ్చాయి. దూరపు సింహాన్ని వెక్కిరించడానికి కావలసిన ధైర్యం కంటే, పక్కవీధి కుక్కను అదిలించడానికి కావలసిన ధైర్యం ఎక్కువ. కుక్కకు మన ఇల్లు తెలుసు.

రెండు నవ్వుల మధ్య

కాటన్ పైవారిని పరిహసించారు, లెక్కతో. పంతులుగారు దగ్గరివారిని పరిహసించారు, సాక్ష్యంతో. ఒకరు లండను బోర్డు గదికి చేరగలిగారుగాని అక్కడి పెద్దలను నెలలకొద్దీ, యేళ్ళకొద్దీ కదిలించలేకపోయారు. మరొకరు తన ఊరి కచేరీని కదిలించారుగాని లండనును తలచనే లేదు. 63 లక్షల వార్షిక లాభానికీ, 4 లక్షల 75 వేల ఆనకట్టకూ మధ్య ఉన్న హాస్యాన్ని తెలుగులో తెలుగు రైతుకు ఆ కాలంలో ఎవరైనా చెప్పి ఉంటే ఎలా ఉండేదో! లెక్క తెలిసినవారికి తెలుగు చదువరులు లేరు, తెలుగు చదువరులున్నవారి చేతికి ఆ లెక్క రాలేదు. ఈ రెండూ ఒక్కచోట కలవకపోవడమే కుంఫిణీకి దక్కిన అసలు హామీ. అయిదు శాతం, పదిన్నర శాతం దాని తరువాతి మాటలు.

నాయకులను గేలిచేయడం మనకు కొత్తేమీ కాదు. తెరమీద మంత్రిని విదూషకుడిని చేసి నవ్వుతాము, బహుళజాతి సంస్థ అధిపతి మాట్లాడే ఇంగ్లీషును అనుకరించి నవ్వుతాము. ఆ మంత్రీ, ఆ అధిపతీ మనతో కలిసి హాయిగా నవ్వుతారు. మీసంమీద, యాసమీద, పంచెకట్టుమీద వేసిన జోకు వారికి ఖర్చులేని ప్రచారం. అంకె మీద వేసిన జోకుకు మాత్రం వారు నవ్వరు. ధవళేశ్వరం చరిత్రనుంచి నేను నేర్చుకున్న గీటురాయి ఇదే. ఎవరిమీద వేశామో వారు కూడా నవ్వారంటే ఆ పరిహాసంలో లెక్క తక్కువైందన్నమాట.

ఆనాటి ఆనకట్టకు బదులుగా 1982 నాటికి 175 తలుపులతో కొత్త బారేజీ తయారైంది. దానికి కాటన్ పేరే పెట్టారు. సంజాయిషీలు అడిగిన డైరెక్టర్ల పేరు ఈ డెల్టాలో ఏ పిల్లకాలువకూ లేదు. గోదావరి స్నానం చేస్తూ సంకల్పంలో కాటన్ దొరను తలచుకునే పురోహితులు ఉన్నారని మనకందరికీ తెలిసినదే. వాటాదారులకు తర్పణం విడిచినవారిని నేను వినలేదు.

బారేజీకి 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం ఉంది. మద్రాసు ప్రభుత్వపు ఇంజనీరు ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ 1941లో ఊహించిన ఈ పథకం రామపాదసాగరమని పేరు పెట్టుకొని, పేరు మార్చుకొని, ఒకటికి మించిన శంకుస్థాపనలు చూసి, 2014లో చట్టం ద్వారా జాతీయ ప్రాజెక్టు అయింది. అయిదేళ్ళలో ఆనకట్ట కట్టిన దొరతో పోల్చి మనవాళ్ళను ఎగతాళి చేయడం చాలామందికి అలవాటు. ఆ పోలిక న్యాయం కాదు. కాటన్ కట్టినది ఏటి గర్భంలో నిలిచిన పన్నెండడుగుల గోడ. పోలవరం జలాశయం వెనుక వందల ఆవాసాలు మునుగుతాయి, వాటిలో కోయలూ కొండరెడ్లూ ఎక్కువమంది. వారికి ఇల్లూ పొలమూ చూపించిన తరువాతనే నీరు నిలపాలని అడిగే హక్కు నేడు ఉంది. కుంఫిణీ కాలంలో అడిగే చోటే లేదు. ఆలస్యానికి కారణాలలో ఇది గౌరవించవలసిన కారణం. మిగతా కారణాలు నవ్వవలసినవి. నవ్వాలంటే మళ్ళీ అంకెలే చూడాలి.

ధవళేశ్వరం వద్ద వరద వచ్చినప్పుడు నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండవది, 17.75 దాటితే మూడవది ఎగురవేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పటి భయం లంకవాసులకు ఇంకా గుర్తుంది. అందుకే ఉభయగోదావరి జిల్లాలలో చదువురానివారికి కూడా ఈ మూడు అంకెలు కంఠోపాఠం. ఏటి మట్టం వచ్చినట్టే అంచనాల మట్టానికి కూడా జనానికి కంఠోపాఠమయ్యే కొలబద్ద ఒకటి ఉంటే బాగుండునని నా మనవి. పోలవరం అంచనా 2005-06 ధరలలో 10,151 కోట్లు: మొదటి హెచ్చరిక. 2010-11 ధరలలో 16,010 కోట్లు: రెండవ హెచ్చరిక. 2017-18 ధరలలో 55,548 కోట్లు: మూడవ హెచ్చరిక. ధరలు పెరిగాయి, భూమి పరిహారం పెరిగింది, న్యాయంగా పెరగవలసినది కూడా పెరిగింది. ఏది ఎంత పెరిగిందో విడదీసి తెలుగులో చెప్పగల లెక్కలమారి ఒకడూ, దానిని చదివి నవ్వగల ఊరివాళ్ళు పదిమందీ ఒక్కచోట కలిస్తే, 1874లో కలవనివి ఇప్పుడు కలిసినట్టే.